శుక్ర మహాదశలో కాంటెస్సా

ఇకమీదట అమలాపురంలో పాత కారు కొనేవాళ్లు మెకానిక్కుని వెంటబెట్టుకెళ్లకండి, సిద్ధాంతిగారిని తీసుకెళ్లండి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర రవాణా శాఖవారి నోటిఫికేషన్ చదివాక నాకు కలిగిన జ్ఞానోదయం ఇది.

ఇరవై ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 5,000 కాస్తా 10,000 అయింది. ఫారిన్ కారైతే 80,000. బండి ఎలా ఉందని వాళ్లు అడగలేదు, ఎప్పుడు పుట్టిందని అడిగారు. పుట్టిన తేదీ చూసి గుణదోషాలు చెప్పేవారికి మన కోనసీమలో లోటా? పైగా లెక్క శాస్త్రోక్తంగానే ఉంది. వాహనకారకుడు శుక్రుడు, శుక్ర మహాదశ సరిగ్గా ఇరవై ఏళ్లు. దశ అయిపోయింది, శాంతి చేయించండి, దక్షిణ పదివేలు!

రాజోలు దగ్గర ఓ పెంకుటింటి పక్క షెడ్డులో 1988 కాంటెస్సా కారు ఉందనుకోండి. పార్టీ చెప్పిన రేటుకి మనకి నోట మాట రాదు. "సింగిల్ హ్యాండండి, బేరం లేదండి, ఆయ్." పాత పద్ధతిలో అయితే కార్పెట్ ఎత్తి సీటు రైలు కింద వేలు పెట్టి చూస్తాం, 2022 జులై వరద ఒండ్రు ఇంకా అక్కడే ఉందేమోనని. డోరు కింద రేకు తట్టి చూస్తాం. అంతర్వేది వైపు ఉప్పుగాలి తిన్న బండయితే పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది, లోపల రేకు అప్పడంలా విరుగుతుంది. డోరు రబ్బరు లాగి అసలు రంగేమిటో కనుక్కుంటాం. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిచూస్తాం, ఎందుకంటే కాంటెస్సాల్లో గుండె మారినవి బోలెడు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేయించి, నీలం పొగ వస్తే ఇంజను పని ఖర్చు రేటులోంచి కోసేస్తాం. మిగతాదంతా అమ్మేవాడి జ్ఞాపకాలు. వాటికి మనం డబ్బివ్వక్కర్లేదు.

కొత్త పద్ధతిలో ఇంత చాకిరీ ఉండదు. సిద్ధాంతిగారు ఆర్‌సీ మీద తేదీ చూసి వేళ్లు మడుస్తారు. "శుక్రుడు 2008లోనే వెళ్లిపోయాడు నాయనా. ఇప్పుడు నడుస్తున్నది దండగ దశ. 2038లో యోగం ఉంది."

నవ్వకండి, ఆ యోగం నిజంగానే ఉంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కారు వింటేజ్. దానికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు. మొదట 20,000 కట్టాలి, ఆ పైన పదేళ్లకోసారి 5,000. అంటే 49 ఏళ్లప్పుడు అయిదేళ్లకి పదివేలు కట్టాల్సిన పాడుబండి, ఏడాది తిరిగేసరికి దేశ వారసత్వం! కాకపోతే వారసత్వమయ్యాక ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప రోజువారీ పనికి రోడ్డెక్కకూడదు. కొత్తపేట వెళ్లి కూరలు తెచ్చుకుంటానంటే కుదరదు.

కాబట్టి రేటు కూడా జాతకాన్నిబట్టే. 2006 స్కార్పియోకి 2026లో గండం, గట్టిగా తగ్గించి అడగండి. 48 ఏళ్ల అంబాసిడర్‌కి రెండేళ్లలో రాజయోగం. కదలకపోయినా రెట్టింపు ఇవ్వచ్చు, ఎలాగూ కదలక్కర్లేదు. మిలటరీ వేలంలో కొన్నామంటూ కాగితాల్లేని జిప్సీ అంటగట్టేవాళ్లుంటారు. పుట్టిన తేదీ దొరకని వాటికి ప్రశ్న జాతకం వేయించాలి.

ఢిల్లీలో వయసొక్కటే చూసి పాత బండ్లవాళ్లమీద చర్య తీసుకోవద్దని సుప్రీంకోర్టు చెప్పింది 2025 ఆగస్టు 12నే. పదిరోజులు తిరక్కుండా ఈ నోటిఫికేషన్. 2022 మార్చి దాకా కారు రెన్యువల్ 600 రూపాయలు, ఆ తర్వాత 5,000, ఇప్పుడు 10,000. కాంటెస్సా పెంచుకునే షోకురాయుడికి ఇదో లెక్కా? అమ్మేటప్పుడు రేట్లో కలిపేస్తాడు. ఇరవై ఏళ్ల మోటారుసైకిలుకి 2,000 కట్టమన్నారే, అది కట్టేవాడు వేరు. పాత హీరోహోండా మీద కొబ్బరికాయల బస్తా కట్టుకుని అంబాజీపేట మార్కెట్‌కి వెళ్లేవాడు. రవాణా శాఖవారూ, వాడి బండి ఎంత పొగ వదులుతుందో కొలిచే యంత్రం మీ దగ్గర ఉంది. గొట్టం పెట్టి చూడండి, హద్దు దాటితే ఆపేయండి, ఎవడూ కాదనడు. ఆ పాటి ఓపిక లేక పుట్టిన తేదీ చూసి వసూళ్లకి దిగారు. కొత్త బండి కొనలేకపోవడానికి జరిమానా వేస్తున్నారు, వెయ్యండి. దానికి కాలుష్యం పేరు మాత్రం పెట్టకండి.