నాగశిల ఆత్మకథ

హోసూరునుండి కృష్ణగిరికి పోవు రాజమార్గమును శూలగిరి దాటిన పిమ్మట విడిచి, మామిడితోపుల నడుమనున్న ఎర్రమట్టి బాటవెంట కొంతదూరము నడచినచో, రావియు వేపయు నొకదానినొకటి పెనవేసికొని పెరిగిన యొక కట్ట కానవచ్చును. ఆ కట్టపై నిలిపిన నాగప్రతిమల వరుసలో తూర్పుకొనను, పసుపుకుంకుమల పూతక్రింద నల్లని మేనితో, ఏడు పడగలు విప్పి నిలిచిన శిలను నేను. శ్రావణమాసపు పంచమినాడు కన్నడపుటిల్లాండ్రు తంబిట్టు పట్టుకొని వత్తురు. ఆడిమాసపు శుక్రవారములందు తమిళస్త్రీలు పాలచెంబులతో వత్తురు. కార్తిక శుద్ధ చవితినాడు తెలుగు ముత్తైదువలు తడిబట్టలతో వచ్చి, చలిమిడియు చిమ్మిలియు నివేదించి, "పాతాళంనుంచి వచ్చినోడివి, మా బిడ్డల్ని సల్లగా సూడు నాగప్పా" అని మ్రొక్కుదురు. వారు వాడుకగా ననుకొను ఆ మాట నా విషయమున అక్షరాల నిజము. నేను అధోలోకమునుండి వచ్చినవాడను. అచ్చటివారిని గూర్చి పైలోకమున పాతుకొనిన యొక అపోహను తొలగింపవలెనను కోరికయే నాచేత ఈ కథ చెప్పించుచున్నది.

నా జన్మవృత్తాంతము మానవుల కాలమానమునకు అందునది కాదు. ఈ కృష్ణగిరి నేలకు అడుగున పరచుకొనియున్న బూడిదవన్నె చారల రాయి, భూగర్భశాస్త్రజ్ఞులు నైస్ అని పిలుచునది, సుమారు 250 కోట్ల సంవత్సరములనాటిది. కృష్ణగిరినుండి ధర్మపురి మీదుగా దక్షిణమునకు పోవుకొలది, ఒకప్పుడు మరింత లోతున నుండిన శిలలు నేడు పైకి తేలి కనబడుననియు, భూమి లోపలి పొరలను గ్రంథపుటలవలె వరుసగా చదువుటకు ఇంతకంటె అనువైన తావులు అరుదనియు, దేశదేశములనుండి వచ్చి పరిశీలించినవారు చెప్పిరి. ఆ ప్రాచీనశిల చల్లబడి, బిగిసి, పగుళ్ళు వారిన పిదప, భూమి అంతరాంతరములనుండి అగ్నిద్రవమై పొంగి, ఆ పగుళ్ళలో నిలువుగా చొరబడి, అచ్చటనే గడ్డకట్టిన నల్లరాతి గోడలలో నొకదాని తునకను నేను. శాస్త్రజ్ఞులు నా జాతికి డోలరైటు అని పేరిడిరి. వర్తకులు నల్లగ్రానైటని పిలిచి ఓడలకెక్కించి విదేశములకు పంపుచున్నారు. బిలములవెంట మెలికలు తిరుగుచు పైకి ప్రాకిన నాటి నా గమనమును తలచుకొన్నప్పుడెల్ల, శిల్పి నాకు సర్పాకృతినే యేల యొసగెనో నాకు తేటపడును.

నన్ను వెలికి తీసినవారు వడ్డెరలు. బావులు త్రవ్వుచు, చెరువుకట్టలు పోయుచు, గుళ్ళకును కోటలకును రాళ్ళు చీల్చుచు తమిళ కన్నడ సీమలలో స్థిరపడియు, ఇంటిలో తెలుగుమాటను విడువని జాతి వారిది. వారి పెద్దమేస్త్రి గని యంచున దీపము పెట్టి, టెంకాయ కొట్టి, "తల్లీ, నీ కడుపు చీలుస్తా ఉండాము, కోపం చేసుకోవద్దమ్మా" అని నేలకు మ్రొక్కినగాని ఉలి ముట్టెడివాడు కాడు. వరుసగా గుంటలు తొలిచి, ఇనుపచీలలు నిలిపి, ఒకే తాళమున సమ్మెటలు వేయగా వేయగా నేను నా తల్లిశిలనుండి విడివడితిని. సూర్యకిరణము నన్ను తాకుట అదియే మొదలు. అటనుండి నన్ను మాలూరు తాలూకాలోని శివారపట్టణమునకు, విగ్రహములు చెక్కుటకు పేరుగాంచిన ఆ శిల్పుల గ్రామమునకు, బండిమీద చేర్చిరి. పడగలు తీర్చబడినవి; చుట్టలు చుట్టబడినవి. సంతానము కోరి మ్రొక్కుకొనిన యొక రైతు దంపతులు నన్ను గొని తెచ్చి, ఊరిబావిలో జలాధివాసము చేయించి, శుభముహూర్తమున ఈ కట్టపై ప్రతిష్ఠించిరి.

ఇచ్చట నిలిచి నేను విన్న మాటలలో నన్ను మిక్కిలి నొప్పించినవి పాతాళమును గూర్చినవి. కోపించినవాడు పగవానిని పాతాళమునకు తొక్కెదనని కేకలు వేయును. రాయకోట సంతనుండి బుట్టలతో తిరిగివచ్చు రైతు, టమాటా ధర పాతాళమునకు పోయెనని తల పట్టుకొనును. పాతాళమనగానే పిల్లలు యమకింకరులను, కాగు నూనెబానలను తలచుకొని జడియుదురు. నరకమునకును పాతాళమునకును గల భేదము మరుగుపడుటయే దీనికి మూలము. భాగవతము పంచమస్కంధమున ఈ రెండును వేరువేరుగా వర్ణింపబడినవి. నరకములు దక్షిణదిక్కున, భూమికి దిగువను గర్భోదకమునకు ఎగువను, యముని యేలుబడిలో నున్న 28 శిక్షాస్థానములు. అధోలోకములు ఏడు. వానికి ఆ గ్రంథమున బిలస్వర్గములని పేరు. స్వర్గముకంటె మిన్నయైన భోగమును, ఐశ్వర్యమును గల గృహోద్యానములు అచ్చట కలవనియు, అచ్చటివారికి ముదిమియు రోగమును లేవనియు, పగలురేయి విభాగము లేనందున కాలభయమును లేదనియు, మహాసర్పముల శిరోరత్నములే అచ్చటి చీకటిని పోగొట్టుననియు అందు చెప్పబడెను. శిథిలమైన ఆ స్కంధమును తెనిగించి, పోతనగారి భాగవతమునకు పూరణము చేసిన పుణ్యము గంగనకవిది.

ఈ విషయమును పండితులకంటె చక్కగా చెప్పిన యొక అవ్వ ఈ ఊర నుండెడిది. ఆమె అక్షరములు నేర్చినది కాదు. హరికథలును పురాణకాలక్షేపములును వినివిని మనసున నిలుపుకొన్నది. సాయంకాలము మనుమలను కట్టమీద కూర్చుండబెట్టుకొని, నా పడగలను వేలితో చూపుచు, ఒక్కొక్క పడగకు ఒక్కొక్క లోకము చెప్పెడిది.

"ఇది అతలం రా అబ్బోడా" అని మొదటి పడగను తాకెడిది. మయుని కొడుకైన బలుడు అచ్చట 96 మాయలు సృజించెను. అచ్చటి హాటకరసమును త్రావినవాడు పదివేల యేనుగుల బలము తనకు వచ్చినదని భ్రమించి, నేనే ఈశ్వరుడనని విఱ్ఱవీగును. రెండవది వితలము. అందు శివుడు భవానీసమేతుడై హాటకేశ్వరనామమున వెలసియున్నాడు; హాటకీనది ప్రవహించుచుండును; హాటకమను మేలిబంగారము పుట్టినది అచ్చటనే. శ్రీశైలయాత్ర చేసిన తెలుగువారు హాటకేశ్వరమును దర్శించి, పాతాళగంగలో మునిగి వచ్చినపుడు ఆ లోకపు నామములనే నోట పలికి వచ్చినారు.

మూడవ పడగయగు సుతలము దగ్గర అవ్వ చాలసేపు నిలిచెడిది, నేనును నిలిచెదను. మూడడుగుల నేల యడిగిన వటువునకు గురువు వారించినను మాటతప్పక దానమొసగి, రెండడుగులకే లోకములు నిండిపోగా మూడవ యడుగునకు తన శిరస్సునే చూపిన బలిచక్రవర్తి నివాసమది. ఈ కథను తెలుగువారు పోతన అష్టమస్కంధమునుండి నోటికి నేర్తురు; కాని పాదము మోపుటతోనే కథ ముగిసెనని తలంచి, తరువాతి ఘట్టమును మరతురు. విశ్వకర్మ నిర్మించిన సుతలమును హరి బలికొసగెను, ప్రహ్లాదుని తోడిచ్చెను, రాబోవు సావర్ణి మన్వంతరమున ఇంద్రపదవి నీదేయని వరమిచ్చెను, అంతటితో తృప్తినొందక, తానే గదాపాణియై ఆతని వాకిట కావలి నిలిచెను. దిగ్విజయమునకై అటు పోయిన రావణుని ఆ ద్వారపాలకుడు కాలి బొటనవ్రేలితో ఎగజిమ్మెను. వైకుంఠమున భక్తులు భగవంతుని వాకిట నిలుతురు. సుతలమున భగవంతుడే భక్తుని వాకిట నిలిచెను. క్రిందికి త్రొక్కబడుట అవమానమను లోకమునకు ఇంతకంటె సమాధానమేమి కావలయును? దీపావళి మరునాడు, కార్తిక శుద్ధ పాడ్యమినాడు, హోసూరు ప్రాంతపు కన్నడగృహములలో బలిని తలచి దీపములు పెట్టినప్పుడు, ఆ వెలుగులో నేను ఆ వాకిటినే చూచుచుందును.

నాలుగవది తలాతలము. త్రిపురములు దగ్ధమైన పిదప శివుని యనుగ్రహమునకే పాత్రుడైన మయుడు అచ్చట నిర్భయముగా నివసించును. పాండవులకు సభాభవనమును కట్టియిచ్చిన శిల్పి యతడు. ఐదవది మహాతలము. కద్రువ సంతతియగు బహుశిరస్కులైన సర్పములు, కుహక తక్షక కాళియ సుషేణాదులు, ఆలుబిడ్డలతో అచ్చట కాపురముందురు. క్రోధవశులని వారికి పేరు. అయినను గరుడుని రెక్కలచప్పుడు తలచుకొని నిత్యమును వణకుదురు. పైలోకమున ఎవరిని జూచి జనులు భయపడుదురో, వారి గుండెలలోను ఒక భయము కాపురమున్నదని ఎరిగినవాడు పామును జూచి కర్ర యెత్తుటకు ముందు ఒక క్షణము ఆగును. ఆరవదియగు రసాతలమున నివాతకవచులు, కాలేయులు, హిరణ్యపురవాసులు, పణులు ఉందురు. హిరణ్యాక్షుడు భూమిని దాచినది ఆ రసాతలముననే, వరాహమూర్తి కోరను మోపి పైకెత్తినది అచ్చటినుండియే.

ఏడవ పడగ పాతాళము. వాసుకి మొదలుగా శంఖుడు, కులికుడు, ధనంజయుడు, ధృతరాష్ట్రుడు, కంబలుడు, అశ్వతరుడు మున్నగు నాగపతులు అచ్చట వెలుగొందుదురు. దానికి 30,000 యోజనముల దిగువ అనంతుడున్నాడు. ఆతని వేయి పడగలలో నొకదానిపై ఈ భూమండలము ఆవగింజయంత నిలిచియున్నది. అవ్వ ఇచట చేతులు జోడించి, "మనల్ని మోసేవాడు కిందనే ఉండాడు" అని ముగించెడిది.

విష్ణుపురాణమున పరాశరుడు మైత్రేయునకు చెప్పిన మాట మరియొకటి గలదు. నారదుడు ఆ లోకములు చూచి స్వర్గమునకు తిరిగివచ్చి, పాతాళము ఇంద్రలోకముకంటె రమణీయమని దేవసభలోనే ప్రకటించెనట. ఆ ఏడు లోకముల నేలలు వరుసగా తెల్లనివి, నల్లనివి, ఎర్రనివి, పచ్చనివి, గులకరాళ్ళవి, శిలామయములు, బంగారువి అని ఆ పురాణమే చెప్పును. ఈ సీమలో బావి త్రవ్వినవానికి ఈ వరుస వింతగా తోచదు. మొదట ఎర్రమన్ను, పిదప పచ్చనిదియు తెల్లనిదియునగు మెత్తని మొరము, దానిక్రింద గులక, ఆపైని పలుగునకు లొంగని బండ; ఆ బండ నెర్రెలలో దొరకెనా, బంగారమునకు ఈడైన నీరు.

నీటిమాట వచ్చినది గనుక నా మనసులోని ముఖ్యవిషయము చెప్పెదను. పుట్ట నాగలోకమునకు వాకిలియని మన స్త్రీలు దానిలో పాలు పోయుదురు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉదకార్గళమను అధ్యాయమున, అదే పుట్టను భూగర్భజలమునకు గురుతుగా చెప్పినాడు. నేరేడుచెట్టునకు తూర్పున చేరువలో పుట్టయున్నచో, చెట్టునకు దక్షిణముగా రెండు నిలువుల లోతున తియ్యని నీరుండునని ఆతని సూచన. నాగులు క్రింది నిధులను కాచువారనుటలో ఆంతర్యమిదియే. మా డోలరైటు గోడలును ఆ కావలిలో పాలుగొన్నవే. నేలలోపల పారు నీటికి అవి అడ్డు నిలుచుటచే అనేకచోట్ల ఎగువ ప్రక్కన నీరు నిలువచేరును. రెండు నిలువులలో దొరకిన ఆ జలమునకై నేడు ఈ సీమలో బోరుయంత్రము వేయి అడుగులు దాటి దిగుచున్నది. రాత్రి యెల్ల దాని హోరు ఈ కట్టను కదల్చును. తెల్లవారునప్పటికి నీటికి మారుగా పొడిరాతి ధూళి లేచును. అప్పు చేసి గొట్టము దింపిన రైతు నా ముందు కూలబడును. ఆతని దుఃఖము నాకు తెలియును. ఆతనికి చెప్పదగిన కథయు నాకు తెలియును.

అధోలోకమునకు మానవులు రెండు విధములుగా పోయినట్లు పురాణములు చెప్పుచున్నవి. సగరుని అరువదివేల కుమారులు యాగాశ్వమును వెదకుచు నేలను చీల్చుకొని రసాతలమువరకు పోయిరి. వారి పలుగులక్రింద నలిగిన నాగుల ఆర్తనాదములు పైకి వినవచ్చెనని వాల్మీకి బాలకాండమున చెప్పినాడు. అంతకు త్రవ్వియు వారు అచ్చట తపమొనర్చు కపిలుని దొంగయని దూషించి భస్మమైరి. అదే త్రోవను అంశుమంతుడు వినయముతో దిగి దారి తెలిసికొనెను. ఆతని మనుమడగు భగీరథుడు ఆకాశజలమును భూమికి దించి, భూమినుండి పాతాళమునకు నడపించెను. గంగ అచ్చట భోగవతియై పారినపుడు గాని ఆ భస్మరాశులకు సద్గతి కలుగలేదు.

మీరు సగరపుత్రులవలె దిగితిరి. ఇక భగీరథునివలె దింపుడు. పూడిపోయిన చెరువులలో పూడిక తీయుడు. ఎండిన బావులకు వాననీరు మళ్ళింపుడు. బోరు దింపిన ప్రతి పొలమున వాన ఇంకు గుంటయొకటి త్రవ్వుడు. గని చీల్చుటకు ముందు నేలకు మ్రొక్కిన ఆ వడ్డెరమేస్త్రికి క్రిందివారి సొత్తును తీసికొనుచున్నానను ఎరుక యుండెను. ఆ ఎరుక యంత్రము నడపువానికిని ఉండవలెను. పాలచెంబుతో నా ముందు నిలుచు తల్లులారా, బిడ్డల మేలుకోరి మీరు నాకు పోయు పాలను నేను ఆదరముతో స్వీకరింతును. అయినను మీ బిడ్డల బిడ్డలు ఈ నేలపై త్రాగి బ్రతుకుటకై మీరు క్రిందికి పంపు వాననీరే మా లోకమునకు అందు నిజమైన నివేదన.