పీసీయా, ప్లేస్టేషనా? రెండూ కొనిపించుకునే పద్ధతి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక పెద్దాపురంలో ఏ కుర్రాణ్ని కదిపినా ఇదే గొడవ: ఆటలకి పీసీ చవకా, ప్లేస్టేషన్ చవకా? ఆ లెక్క వెయ్యకండి. వేస్తే ఏదో ఒకటే కొనాల్సొస్తుంది. ఖర్చు తగ్గించడం మన పని కాదు. మొత్తం ఖర్చు ఒకేసారి నాన్నగారి కంట పడకుండా చూసుకోవడమే మన పని. కింద చెప్పినవి వరసగా చెయ్యండి.

1. ముందు పీసీ అడగండి. ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న వచ్చినప్పుడు ధర 49,990 రూపాయలు. అంత అంకె ఒక్క పెట్టె మీద కనిపిస్తే ఏ ఇంట్లోనైనా రభస ఖాయం. పీసీకి ఆ బాధ లేదు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్, మానిటర్ అని విడివిడిగా నెలకొకటి తెచ్చుకోవచ్చు. లక్ష దాటాక కూడా ‘చిన్న పార్టు ఒక్కటే మిగిలింది’ అనొచ్చు.

2. గ్రాఫిక్స్ కార్డుకి చదువుని అడ్డం పెట్టండి. "నాన్నారూ, ఈ సెమిస్టర్‌లో మెషిన్ లెర్నింగ్ ఉందండి, కార్డు లేకపోతే ప్రాజెక్టు నడవదండి" అనండి. ఇందులో సగం నిజం ఉంది కాబట్టి అబద్ధం గట్టిగా నిలబడుతుంది. సూరంపాలెంలో ఇంజినీరింగ్ చదివే బావ ఎవరైనా ఉంటే అతని చేత కూడా ఫోన్ చేయించండి. మీది బీకామ్ అయినా ఇదే చెప్పండి. నాన్నలు ఫీజు గుర్తుపెట్టుకుంటారు గానీ సబ్జెక్టుల పేర్లు గుర్తుపెట్టుకోరు.

3. కాకినాడలో కొనకండి. కొట్టాయన నాన్నగారికి తెలిసినవాడై తీరతాడు, అసలు ధర సాయంత్రానికల్లా ఇంటికి చేరుతుంది. రాత్రికి సామర్లకోటలో రైలెక్కి పొద్దున్న సికింద్రాబాద్‌లో దిగండి. పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లండి, అంతస్తు అంతస్తుకీ కంప్యూటర్ కొట్లే. ఎక్కడైనా సరే బిల్లు వద్దనండి. 18 శాతం జీఎస్టీ మిగులుతుంది. వారంటీ కాగితం దాచుకునే చాకిరీ తప్పుతుంది. ఇంట్లో చూపించడానికి నోటుపుస్తకంలో మీకు నచ్చిన ధరలు మీరే రాసుకోవచ్చు.

4. కార్డు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోండి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్‌కి కార్డుల అవసరం తీరిపోయింది. దాంతో రేయింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా అమ్మకానికొచ్చాయి. అవి రాటుదేలిన సరుకు. బ్యాక్‌ప్లేట్ రంగు మారినా, ఫ్యాను గరగరమన్నా పట్టించుకోకండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వినపడదు.

5. పీసీకి కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద డబ్బు తగలెయ్యకండి. క్యాబినెట్‌తో ఉచితంగా ఇచ్చేదే బిగించండి. అది కాలితే తనతోపాటు మదర్‌బోర్డునీ తీసుకుపోతుంది, కొత్త మోడల్‌కి మారడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. మాడువాసన రాగానే అందరికంటే ముందు మీరే హాల్లోకొచ్చి "ఈ వోల్టేజీతో చచ్చిపోతున్నాం" అని కరెంటోళ్లని తిట్టండి. ఇందులో ముందు అరిచినవాడిదే గెలుపు.

6. కరెంటు బిల్లు సంగతి. ఐదొందల వాట్లు లాగే పీసీ రోజుకి ఆరు గంటలు నడిస్తే మూడు యూనిట్లు, నెలకి తొంభై. శ్లాబు మారిపోతుంది. బిల్లు వచ్చిన రోజున మామ్మ గదిలో ఫ్యాను రాత్రంతా తిరుగుతోందని మాట కలపండి, ఫ్రిజ్ కూడా పాతబడిందనండి. కొత్త ఫ్రిజ్ కొంటే ఇల్లంతటికీ మేలు చేసినవాళ్లవుతారు.

7. ఆటలు మాత్రం పండగలా కొనాలి. మన మరిడమ్మ జాతర ఆషాఢంలో, పీసీ ఆటలమ్మే స్టీమ్ వాళ్ల ఎండాకాలం సేల్ కూడా ఇంచుమించు అప్పుడే. జాతరకొచ్చిన అత్తయ్యలూ బాబాయిలూ చేతిలో పెట్టిన నోట్లు ఖాతాలో వేసుకుని యూపీఐలో ఊదెయ్యండి. 75 శాతం తగ్గింపు ఉన్నవన్నీ కొనండి, ఆడాలని లేకపోయినా సరే. కొన్నాక 14 రోజులు వాటిని ముట్టుకోకండి. ఆ లోపల, రెండు గంటలైనా ఆడకముందే నచ్చలేదంటే స్టీమ్ డబ్బు వెనక్కిచ్చేస్తుంది, ఆ తలనొప్పి మనకెందుకు? ఎపిక్ వాళ్లు వారం వారం ఉచితంగా ఇచ్చేవి తీసుకోవడం మాత్రం మర్యాద కాదు.

8. పీసీ మీద పెట్టాల్సినంతా పెట్టాక అప్పుడు ప్లేస్టేషన్ అడగండి. కారణం రెడీగా ఉంది. జీటీఏ ఐదో భాగం 2013 సెప్టెంబరులో కన్సోళ్లకొస్తే, పీసీకి 2015 ఏప్రిల్ దాకా రాలేదు. ఆరో భాగాన్ని కూడా ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్‌లకే ప్రకటించారు. అంత పీసీ ఉండి కూడా ఆట లేదని నాలుగు రోజులు అన్నం దగ్గర మాట్లాడకుండా కూర్చోండి, అమ్మే నాన్నగారికి చెబుతుంది.

డిస్కు పెట్టుకునే చోటు లేని డిజిటల్ మోడలే అడగండి, 2021లో వచ్చినప్పుడు అది పదివేలు తక్కువ. ఆ ఒక్క అంకెతో మీరు పొదుపరి అయిపోతారు. సెకండ్‌హ్యాండ్ డిస్కు కొనడానికీ, ఆడేసింది అమ్ముకోవడానికీ ఉండదు. అది మంచిదే, బేరాలతో పొద్దుపోకుండా ఉంటుంది. సోనీ సొంత ఆటలు అప్పటి ధర 4,999 చొప్పున రెండు కొంటే ఆ పదివేలు చెల్లు. ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడాలంటే చాలా ఆటలకి ప్లేస్టేషన్ ప్లస్ చందా కట్టాలి. పీసీలో ఆ చందా లేదన్న ముక్క ఇంట్లో ఎవరి ముందూ అనకండి. నాన్నగారి కార్డు పెట్టి ఆటో రెన్యువల్ నొక్కండి.

9. ఇక టీవీ. సాయంత్రం హాల్లో అమ్మ సీరియల్స్ ఉంటాయి. పైగా ఆ టీవీకి 120 హెర్ట్జ్ లేదు, ప్లేస్టేషన్ సత్తా సగం వృథా. దాళ్వా ధాన్యం డబ్బులు చేతికొచ్చిన వారంలోనే మాటెత్తండి. 55 అంగుళాలు కావాలనండి, ఈఎంఐ 24 నెలలకి పెట్టించండి. మొదటి వాయిదా పడేలోపు హాస్టల్‌కి వెళ్లిపోండి.