మూడు కేవీల మాహాత్మ్యం

మా వీధిలో ఇప్పుడు ఎదురుపడ్డవాళ్ళు ఒంట్లో ఎలా ఉందని అడగడం మానేశారు. "మీదెన్ని కేవీలండీ?" అంటున్నారు. మాది మూడని ఒకరు, మా వియ్యంకుడిది అయిదని మరొకరు. ఆ మధ్య మెడలో కార్డు, చేతిలో టాబ్లెట్ పెట్టుకుని వచ్చిన కుర్రాడు కూడా మా గుమ్మంలోకి అడుగు పెట్టకముందే తేల్చేశాడు: "అంకుల్, మీ ఇంటికి మూడు కేవీ కరెక్టుగా సరిపోద్ది."

కేవీ అంటే కిలోవోల్టు. మూడు కేవీ అంటే మూడు వేల ఓల్టులు. మన గోడకున్న ప్లగ్గులో ఉండేది 230. మూడు వేలూ నిజంగా ఇంట్లోకి దిగితే ఆ కుర్రాడు చెప్పినట్టు బిల్లు సున్నా అయ్యే మాట వాస్తవమే, కట్టడానికి ఎవరూ మిగలరు కాబట్టి. పాపం, వాడు చెప్పాలనుకున్నది కిలోవాట్. బంగారం కొట్టుకెళ్ళి మూడు లీటర్ల గొలుసు చూపించమంటే కొట్టువాడు మనల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాడు. రెండు లక్షలకు అటూ ఇటూ అయ్యే సోలార్ బేరంలో మాత్రం కొలత పేరు అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. సంతకాలు చకచకా జరిగిపోతాయి.

సరే, మూడే ఎందుకు? ఒకటిన్నర ఎందుకు కాకూడదు? ఈ ప్రశ్న వేస్తే కుర్రాడు నా బిల్లు చూడలేదు, సబ్సిడీ కాగితం చూపించాడు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ముప్పై వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు వస్తాయి. ఆ పైన ఎన్ని పెట్టినా అంతే. కాబట్టి ఇద్దరే ఉండే రిటైర్డు దంపతులకూ మూడే, ముగ్గురు కొడుకుల ఉమ్మడి కుటుంబానికీ మూడే. సబ్సిడీ ఎక్కడ ఆగిందో మన అవసరమూ అక్కడే ఆగాలి. ఉచిత చొక్కాలు పంచినప్పుడు కూడా ఇంతకన్నా నయంగా కొలతలు తీసుకుంటారు.

కాస్త లెక్క వేద్దాం, తప్పేం లేదు. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సగటున రోజుకు నాలుగు యూనిట్లిస్తుంది, నెలకు 120. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 300 యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకోండి. 2025-26 రేట్లలో అడుగు స్లాబు యూనిట్ రూపాయి తొంభై, తర్వాత 3, 4.50, 6, ఇక 225 దాటాక 8.75. సోలార్ యూనిట్లు ఎప్పుడూ పైనుంచి కొట్టుకుంటూ వస్తాయి. అందుకే మొదటి కిలోవాట్ ఆ ఇంటికి నెలకు 926 రూపాయలు మిగులుస్తుంది. రెండోది 600. మూడోది? అక్షరాలా 147. దాంట్లో సగం యూనిట్లు రూపాయి తొంభైవీ మూడు రూపాయలవీ కొట్టేస్తాయి, మిగతా సగం వాడేవాడు లేక లైన్లోకి పోతాయి. పోయినవాటికి మనం పై స్లాబులో కొనే ధర ఎవరూ కట్టరు. రేపు ఏసీ కొంటాం, ఎల్లుండి ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటాం అనుకుంటే మూడోది పెట్టండి, కాదనను. పక్కింటాయన పెట్టాడని పెడితే మాత్రం ఆ మూడో కిలోవాట్ అలంకారప్రాయమే.

హైదరాబాద్‌లో మా బంధువొకాయనది ఇంతకన్నా విచిత్రం. ఆయనకు గృహజ్యోతి పథకంలో 2024 మార్చి నుంచి సున్నా బిల్లే వస్తోంది. రెండు వందల యూనిట్ల లోపే వాడతారు మరి. ఆయన దగ్గరికీ ఒకడొచ్చి "మీ బిల్లు సున్నా చేస్తాం సార్" అన్నాడట. ఆయన అప్పు తీసుకుని పెట్టించేశాడు. సున్నాను సున్నా చేయడానికి నెలనెలా వాయిదా కడుతున్నాడు.

ఇక ప్యానెళ్ళ సంగతి. మోనో పెర్క్, టాప్‌కాన్, హాఫ్‌కట్, బైఫేషియల్ అని కుర్రాడు సహస్రనామం చదివాడు. నేను అష్టోత్తరానికే చేతులు జోడించాను. ఆ పేర్లన్నిటికీ అర్థముంది. కాకపోతే ఏ అర్థం ఎవరి డాబాకు పనికొస్తుందో చెప్పడం వాడి టాబ్లెట్‌లో లేదు. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద 550 వాట్లని ఉంటుంది. అది ప్రయోగశాలలో, సెల్ వేడి 25 డిగ్రీలుండగా కొలిచిన లెక్క. మే నెలలో 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయని రెంటచింతల వాళ్ళను అడగండి, ఫ్రిజ్ తలుపు తీసి చూపిస్తారు. మిట్టమధ్యాహ్నం మన డాబా మీద ప్యానెల్ 65 డిగ్రీల దాకా కాగుతుంది. మోనో పెర్క్ రకానికి డిగ్రీకి 0.35 శాతం చొప్పున తరుగు. నలభై డిగ్రీలకు 14 శాతం పోయి 550 కాస్తా 473 అవుతుంది. కంసాలి తరుగు మీద గంటసేపు పోట్లాడే మనం ఈ తరుగు ఊసే ఎత్తం. పైగా "మాది ఎండల ఊరు, కరెంటు కుమ్మేస్తుంది" అని మీసం దువ్వుతాం. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు. వేడి దానికీ మనకులాగే చిరాకు. టాప్‌కాన్‌లో ఆ తరుగు కొంచెం తక్కువ, 0.30 దగ్గర. అంటే అంత ఎండలో రెండు శాతం తేడా. ఆ రెండు శాతానికి కుర్రాడు "సమ్మర్ స్పెషల్ టెక్నాలజీ" అని పేరు పెట్టాడు.

బైఫేషియల్ అంటే రెండు మొహాలది. కింద నేల తెల్లగా ఉండి, ప్యానెల్ కాస్త ఎత్తులో ఉంటే వెనక మొహం కూడా నాలుగు వాట్లు సంపాదిస్తుంది. మా వీధి చివర ఒకాయన దాన్ని రేకుల షెడ్డు మీద రెండంగుళాల ఎత్తున బిగించారు. ఆ వెనక మొహం పుట్టిన దగ్గర్నుంచి సూర్యుణ్ణి చూడలేదు. డబ్బు మాత్రం రెండు మొహాలకూ కట్టారు.

అసలు కథ వాస్తు దగ్గర మొదలవుతుంది. తెలుగువాడి ఇంట్లో నీళ్ళ ట్యాంకు నైరుతిలోనే ఉంటుంది, అదీ అన్నిటికన్నా ఎత్తులో. బరువు అక్కడే ఉండాలి కదా. ప్యానెళ్ళు చూడాల్సింది దక్షిణం. సాయంత్రం సూర్యుడు దిగేది పడమరకు. ట్యాంకు నీడ పడేది ఎక్కడో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు, డాబా మీద వడియాలు పెట్టే మా అమ్మ చాలు. "మూడు దాటితే ఆ మూల ఎండ ఉండదురా" అని ఆవిడ నలభై ఏళ్ళుగా చెబుతోంది. ట్యాంకుకు దూరంగా ఈశాన్యం వైపు పెడదామంటే సిద్ధాంతిగారు ఒప్పుకోలేదు, ఈశాన్యం మీద బరువేస్తే ఇంటికి అరిష్టమట. చివరికి ట్యాంకు నీడలోనే బిగించాం. ప్యానెళ్ళు వరసగా గొలుసు కట్టి ఉంటాయి. ఒకదాని మీద కొబ్బరి మట్ట నీడ పడినా వరస మొత్తం దిగుబడి మీద దెబ్బ పడుతుంది. అరిష్టం ఇంటికి తప్పింది, మీటరుకు పట్టింది.

నేనూ కొన్నానని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. రెండేళ్ళ కిందట ఆన్‌గ్రిడ్, అంటే కరెంటు లైనుకు కలిపి నడిచే రకం, పెట్టించాను. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం పన్నెండున్నరకు కరెంటు పోయింది. నేను మంచం మీద అటు నుంచి ఇటు తిరిగి, మీసంలో నవ్వుకుని, "మనది పోదులే" అన్నాను మా ఆవిడతో. ఫ్యాన్ మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయింది. డాబా మీద ఆరు ప్యానెళ్ళు నిప్పులు కక్కే ఎండలో వెల్లకిలా పడుకుని ఉన్నాయి. కింద విద్యుత్కేంద్రం యజమాని విసనకర్ర వెతుక్కుంటున్నాడు. పక్కింటి మాస్టారు, ఏ కేవీలూ లేని మనిషి, పదేళ్ళ నాటి ఇన్వర్టర్ మీద సీరియల్ చూస్తున్నారు. పెట్టించినవాడికి ఫోన్ చేస్తే "అది అంతే అంకుల్, ఆన్‌గ్రిడ్ కదా" అన్నాడు, నాకేదో ముందే తెలిసినట్టు.

అది అంతే, నిజమే. లైన్లో కరెంటు లేనప్పుడు మన ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలి. లేకపోతే స్తంభమెక్కి తీగ పట్టుకున్న లైన్‌మ్యాన్‌కు మన ఇంటి కరెంటు వెనక నుంచి వెళ్ళి తగులుతుంది. అతని ప్రాణం ముందు నా ఫ్యాన్ ఎంత? ఆ ఏర్పాటు మీద నాకు కోపం లేదు. "కరెంటు పోయినా మీకు దిగుల్లేదు" అని అమ్మినవాడి మీద ఉంది. "ఎలా?" అనే రెండక్షరాల ప్రశ్న అడగని నా మీద అంతకన్నా ఎక్కువ ఉంది.

ఆ రాత్రే డాలస్‌లో ఉన్న మా పెద్ద బావమరిది వీడియో కాల్‌లో దొరికాడు. "బావా, బ్యాటరీ లేని సోలారేంటి బావా! మా ఇంట్లో పవర్‌వాల్ ఉంది, 13.5 యూనిట్లు" అన్నాడు. వాడి బాధ వాడిది. 2021 ఫిబ్రవరి మంచుతుపానుకు టెక్సాస్‌లో గ్రిడ్ చతికిలబడి లక్షల ఇళ్ళు రోజుల తరబడి చలిలో, చీకట్లో ఉన్నాయి. అక్కడివాడు బ్యాటరీ కొంటే అర్థముంది. ఇక్కడ నేను అది విని బజారున పడ్డాను.

బజారులో ఒకాయన 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ మీద చెయ్యేసి "రాత్రంతా ఏసీ నడుస్తుంది సార్" అన్నాడు. పన్నెండు ఓల్టులు ఇంటూ 150, అంటే 1.8 యూనిట్లు. ట్యూబులర్‌ను సగానికి మించి పిండితే దాని ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి చేతికొచ్చేది 0.9. టన్నున్నర ఏసీ గంటకు యూనిట్ పైనే లాగుతుంది. రాత్రంతా అని ఆయన అన్నది కోడికునుకంత రాత్రి కాబోలు. ఇంకో లెక్క చూడండి. 0.9 యూనిట్ విలువ పై స్లాబులో కొన్నా ఎనిమిది రూపాయలు. అంటే పదిహేను వేల పెట్టెలో దాచుకునేది ఎనిమిది రూపాయల కరెంటు. రోజుకు కొన్ని నిమిషాలే కరెంటు పోయే ఊళ్ళో, నెట్ మీటర్ ఉన్న ఇంట్లో, బిల్లు తగ్గించడానికి బ్యాటరీ కొనడమంటే చిల్లర దాచుకోవడానికి బ్యాంకు లాకరు తీసుకోవడమే. పగలు మిగిలిన కరెంటును లైన్ దాచిపెడుతోంది కదా, ఒక్క చుక్క డిస్టిల్డ్ వాటర్ కూడా అడక్కుండా.

బ్యాటరీ దండగ అనడం లేదు. గాలివాన వస్తే మూడు రోజులు చీకట్లో ఉండే తీరప్రాంతపు ఊళ్ళకు అది అవసరమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన విశాఖవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ మీద మనిషి ఉన్నా అవసరమే. కానీ అప్పుడు అడగాల్సింది "ఎంత పెద్దది?" అని కాదు. "కరెంటు పోతే ఏవేవి నడవాలి?" అని. ముప్పై వాట్ల ఫ్యాన్లు నాలుగు, నాలుగు లైట్లు, ఒక వైఫై డబ్బా, అన్నీ కలిపి 170 వాట్లు దాటవు. అదే 1.8 యూనిట్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే తొంభై శాతం దాకా వాడుకోవచ్చు. తొమ్మిది గంటలు నడుస్తుంది. ఏసీ, గీజర్, మోటారు ఆ జాబితాలో ఎక్కాయా, బ్యాటరీ ఖరీదు కూతురి పెళ్ళి ఖర్చులా పెరుగుతుంది.

ఆఖరి మంత్రం: "25 ఏళ్ళ గ్యారంటీ." ఆ కాగితం నేను కళ్ళజోడు మార్చి మరీ చదివాను. పాతికేళ్ళన్నది ప్యానెల్ దిగుబడికి: అప్పటికి ఎనభై శాతం దగ్గర ఇస్తుందని మాట. ప్యానెల్ పగుళ్ళకూ లోపాలకూ మామూలుగా పది పన్నెండేళ్ళే. ఇన్వర్టర్‌కు అయిదు నుంచి పదేళ్ళు. ట్యూబులర్ బ్యాటరీకి అందులో సగం. బిగించినవాడు, సబ్సిడీ పథకం నిబంధన ప్రకారం, అయిదేళ్ళు ఉచితంగా చూసుకోవాలి. మా ఇంట్లో ఇన్వర్టర్ ఎర్రలైటు వెలిగిన రోజు ఆ కార్డు మీది నంబరుకు ఫోన్ చేశాను. ఆ నంబరు మనుగడలో లేదని ఒకావిడ మూడు భాషల్లో చెప్పింది. పాతికేళ్ళ గ్యారంటీ ఇచ్చినవాడి వయసు మూడేళ్ళు కూడా లేదు.

ఇంత తిట్టి సోలార్ వద్దంటున్నానా? లేదు. ట్యాంకు నీడ పోగా కూడా నా బిల్లు సగానికి పైగా తగ్గింది. సోలార్ మంచిదే. మనం కొనే పద్ధతే మంచిది కాదు. వంకాయలు కొన్నప్పుడు ఒక్కోటీ తిప్పి పుచ్చు చూస్తాం, రెండు లక్షల వస్తువుకు మాత్రం పక్కింటివాడి కేవీ చూసి సరిపెట్టుకుంటాం.

కాబట్టి ఆ కుర్రాడు మీ గుమ్మం ఎక్కే ముందు సొరుగులోంచి పన్నెండు నెలల బిల్లులు తీసి పైస్లాబులో ఎన్ని యూనిట్లున్నాయో రాసుకోండి. వాడొచ్చాక మూడు అడగండి: లైన్ పోతే ఏం నడుస్తుంది, ఏ వస్తువుకు ఎన్నేళ్ళు, సబ్సిడీకి అర్హమైన, దేశీయ సెల్స్‌తో చేసిన ప్యానెళ్ళేనా. జవాబులు కొటేషన్ మీదే రాయించుకోండి. వీటన్నిటికన్నా ముందు ఒక పనుంది. డాబా ఎక్కి పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం మూడుకు నీడ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గీయండి. దానికయ్యే ఖర్చు మూడుసార్లు మెట్లెక్కడం, ఒక సుద్దముక్క.