కష్టకాలానికి కాసు

సంక్షోభం ముంచుకొస్తోందట, బంగారం కొని దాచుకోవాలట! 2025 ఏప్రిల్‌లోనే తులం లక్ష దాటింది. దాన్ని కొనడమే ఓ సంక్షోభమని సలహాదారులకు తట్టలేదు పాపం. 1991లో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నులు విదేశాల్లో కుదువపెట్టి దేశం పరువు దక్కించింది, నిజమే. కానీ ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దసమంతపూర్ సంతలో బంగారు బిస్కెట్ చూపిస్తే చిల్లర ఎవరిస్తారు? వానలకు కొండదారి తెగితే అక్కడ ఆదుకునేది గాదెలోని చోళ్లే, అంటే రాగులే. కాలి వెండి కడియమంటారా, అది ఎప్పుడో షావుకారు పెట్టెలోకి చేరి ఉంటుంది. పొరుగు రాయగడ జిల్లా కాశీపూర్‌లో 2001లో గిరిజనులు తిండిలేక మామిడి జీడి తిని చనిపోయారు. ఆ కొండల్లో బాక్సైట్‌కు మాత్రం లోటు లేదు. సలహాదారు గారూ, తమరి బీరువాలో ఓ బస్తా చోళ్లకు కూడా చోటు చూడండి.