చుక్క నిలువవలయు: ఒక కార్బైన్ పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ.వె.
చుక్క నిలువవలయు నొక్కచోటను బేల్చ
గుళ్ళపేటి చవక గొనగ దొరక
వలయు బోల్టు బరువు భరియింప భుజమెల్ల
ధరయె గుణమటంచు దలపబోకు

అవతారిక

తుపాకీ కొనబోతున్న శిష్యుడికి గురువు చెప్పిన పద్యమిది. కర్త అజ్ఞాతుడు, లేదా ఈ వ్యాఖ్యాతే. పండితులు దాన్ని తవ్వనక్కర్లేదు. స్థలం టెక్సస్. కాలం 2016కు ఇవతల ఏదో ఒక శనివారం ఉదయం. ఏలనన, అమెరికాలో ప్రాక్టికల్ షూటింగ్ పోటీలు నడిపే యూఎస్‌పీఎస్‌ఏ సంస్థ తన పిస్టల్ పోటీల్లోకి పిస్టల్ తూటా పేల్చే కార్బైన్లను ఒక విభాగంగా రానిచ్చింది ఆ ఏడే. అంతకు ముందు ఇటువంటి పద్యం పుట్టడానికి హేతువు లేదు.

వస్తువు మాత్రం పాతదే. 1873 వించెస్టర్ రైఫిల్ ఏ తూటా తినేదో ఆ తూటానే తినే రివాల్వర్‌ను కోల్ట్ కంపెనీ 1878లో తెచ్చింది. నడుముకొకటి, భుజానికొకటి, రెంటికీ ఒకే తూటాల పట్టీ. నేటి కార్బైన్‌కు మూలపురుషుడు ఆ ఏర్పాటే. ఇప్పుడు ఆ తూటా 9 మి.మీ.; జర్మనీలో 1902 నాటిది. గొట్టం పొడవు తగ్గకూడదన్న హద్దు 1934 నాటి ఫెడరల్ చట్టంతో మొదలైంది, ఇప్పుడది 16 అంగుళాలు. తగ్గితే అది వేరే జాతి అయిపోతుంది, దాని కాగితాలు వేరు.

మన తెలుగునాట కార్బైన్ అంటే బందోబస్తు పోలీసు భుజాన వేలాడేదే. అక్కడ 9 మి.మీ. నిషిద్ధ బోరు, సామాన్యుడికి దాని లైసెన్సు దక్కదు. అందువల్ల ఈ పద్యాన్ని ప్రవాస తెలుగు సాహిత్యం కింద జమకట్టాలి.

అనుబంధ చతుష్టయం

శాస్త్రం మొదలుపెట్టేముందు నాలుగు చెప్పాలని పెద్దల నియమం. విషయం: పిస్టల్ తూటా కార్బైన్ ఎన్నిక. ప్రయోజనం: పోటీలో గెలుపు, అది లేకపోతే రేంజ్‌లో కాలక్షేపం. సంబంధం: పద్యానికీ క్రెడిట్ కార్డుకూ ఉన్నది.

నాలుగోది అధికారి. చిక్కంతా ఇక్కడే. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నిషిద్ధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. కోడిని కోయడానికి కూడా మనసొప్పని పప్పన్నం మనిషి కాగితం మీద వేటగాడు కావడానికి ఇంతకన్నా బలమైన కారణం పురాణాల్లో లేదు. గ్రీన్ కార్డు వచ్చినవాడికి ఆ అవతారం అక్కర్లేదు. తక్కినవాళ్ళు వకీలును అడిగి చదవండి.

ప్రతిపదార్థం

పేల్చన్ = గుండు వెంట గుండు వదలగా; చుక్క = అద్దంలో కనిపించే ఎర్రని గురిచుక్క; ఒక్క చోటను = కదిలిన చోటికే మళ్ళీ వచ్చి; నిలువవలయున్ = నిలవాలి. గుళ్ళపేటి = మ్యాగజైను; చవక = తక్కువ వెలకు; కొనగన్ = కొందామంటే; దొరకవలయున్ = దొరకాలి. బోల్టు బరువు = వెనక్కి తన్నే ఇనుప దిమ్మ భారాన్ని; భుజము ఎల్ల = భుజమంతా; భరియింపన్ వలయున్ = ఓర్చుకోవాలి. ధరయె = వెలయే; గుణము అటంచున్ = గొప్పదనమని; తలపన్ పోకు = అనుకోవద్దు.

తాత్పర్యం

నాయనా, తుపాకీని బల్లమీద పెట్టి కాల్చి గుండ్ల గుంపు కొలిచి కొనకు. టైమర్ బీప్ కొట్టాక వరసగా పేల్చి చూడు, చుక్క ఎక్కడికి పోయి ఎక్కడికి వచ్చిందో గమనించు. మ్యాగజైన్లు ఊళ్ళో దొరికేవి అయి ఉండాలి. బోల్టు తన్ను నీ ఒంటికి పడాలి. అంగడివాడు చెప్పే వెలను సుగుణాల్లో లెక్కవేయకు.

విశేషాలు

"చుక్క నిలువవలయు". కవి "గుండు తగలవలయు" అనలేదు. ఇదేమి చోద్యం, తగలడం కదా ప్రధానం అని శంక. సమాధానం: 9 మి.మీ. కార్బైన్ సాధారణంగా 50 గజాల్లో మూడంగుళాల్లోపు గుంపు వేయగలదు. పోటీలో గురి బోర్డులు చాలావరకు అంతకన్నా ఎంతో దగ్గర. కాబట్టి తగలడం తుపాకీ ఇచ్చే వరం కాదు, అందరికీ ఉన్నదే. తేడా అంతా రెండో గుండుకు పట్టే కాలంలో ఉంది.

ఇక్కడ లెక్క చెప్పక తప్పదు. యూఎస్‌పీఎస్‌ఏలో వచ్చిన మార్కుల్ని పట్టిన సెకన్లతో భాగిస్తారు. అట్టబొమ్మ నడుమ ఉన్న ఏ గడిలో తగిలితే 5, పక్కన సీ గడిలో 3, డీలో 1. తూటా ఎంత బలిష్ఠమైనదైనా కార్బైన్‌కు ఈ చిన్న లెక్కే. ఒకడు 12 సెకన్లలో 120 మార్కులు తెచ్చాడు: 10. ఇంకొకడు తొందరపడి మూడు గుండ్లు సీలో పెట్టి, 11 సెకన్లలో 114 తెచ్చాడు: 10.36. తొందరపడ్డవాడే గెలిచాడు. గుండ్ల గుంపు ఫొటో తీసి గోడకు తగిలించుకునేవాడికి ఈ భాగహారం రుచించదు.

చుక్క ఎందుకు ఎగురుతుంది? చవక కార్బైన్లలో ఎక్కువవి బ్లోబ్యాక్ పద్ధతివి. గుండు పేలేటప్పుడు బోల్టుకు తాళం ఉండదు, దాని బరువే తాళం. 9 మి.మీ. పిస్టల్‌లో గొట్టమూ పైస్లైడూ క్షణకాలం కలిసి వెనక్కి వెళ్ళి విడిపోతాయి. అక్కడ యుక్తి ఉంది. బ్లోబ్యాక్‌లో యుక్తి లేదు, ఇనుముంది. ఏఆర్ రైఫిల్ మాదిరి కార్బైన్‌లో బోల్టూ దాని వెనుక బఫరూ కలిసి అర కిలో దాటతాయి. అంత దిమ్మ వెనక్కి వెళ్ళి కొట్టుకుంటుంది, ఒక దెబ్బ. తిరిగి ముందుకు వచ్చి మూసుకుంటుంది, ఇంకో దెబ్బ. మొదటిదానికి చుక్క పైకి లేస్తుంది, రెండోదానికి కిందికి దిగుతుంది. 9 మి.మీ. చిన్న తూటా కదా, మెత్తగా ఉంటుందనుకుని భుజానికెత్తుకున్నవాడికి రోకటి పోటు తెలుస్తుంది. పెద్ద రైఫిల్ తూటా పేల్చే మామూలు ఏఆర్ ఇంతకన్నా నయమనిపించడం ఇందువల్లే.

దీనికి పరిహారాలు పలు విధాలు. హెక్లర్ అండ్ కోఖ్ ఎంపీ5లో రోలర్లు బోల్టును క్షణం ఆపుతాయి. సీఎంఎంజీ కంపెనీవాళ్ళు బోల్టు తలను తిప్పి ఆలస్యం చేస్తారు. సిగ్ ఎంపీఎక్స్‌లో గ్యాస్ పిస్టన్, నిజమైన తాళం. రూగర్ పీసీ కార్బైన్ బ్లోబ్యాక్‌నే ఉంచుకుని బోల్టులో టంగ్‌స్టన్ బరువును అమర్చింది. అది దెబ్బ పడే క్షణంలో ఎదురు కదిలి పోటును మింగుతుంది. ఏది మేలు అంటే, పరీక్ష ఒక్కటే. పది గజాల్లో ఐదు గుండ్లు వడిగా పేల్చాలి, కన్ను బోర్డు మీదే ఉండాలి. చుక్క లేచి, దిగి, అదే చోట ఆగిందా? అరంగుళం పక్కకు పోయి ఆగిందా? లేవడం దోషం కాదు. పక్కకు పోవడం దోషం. నిలువవలయు అన్న క్రియ స్వారస్యం ఇక్కడుంది: కదలకూడదని కవి అనలేదు.

చుక్కకు ఇంకో గుట్టు. అది గొట్టానికి రెండున్నర అంగుళాల ఎత్తున కూర్చుంటుంది. దూరాన ఇది పట్టించుకోనక్కర్లేదు, దగ్గర మాత్రం ప్రాణసంకటం. ఐదు గజాల్లో గుండు చుక్కకు రెండంగుళాలు కిందుగా పోతుంది. తల మాత్రం కనిపించేలా పెట్టి, మెడ దగ్గర కాల్చకూడని తెల్లని నో-షూట్ బోర్డు తగిలించే స్టేజ్ డిజైనర్లు దయామయులు కారు. చుక్క గడ్డం మీద పెట్టినవాడు పది మార్కుల జరిమానాతో వస్తాడు, తుపాకీని తిడతాడు.

"గుళ్ళపేటి". మ్యాగజైను అన్నా గణాలు సరిపోయేవి. యతి చెడుతుంది గనుక కవి కొత్త మాట కట్టాడు, క్షమించదగినదే. "దొరక వలయు" అన్నది పాదం దాటి పోవడం వట్టి ఛందోవశం కాదు, మ్యాగజైన్లు కూడా దుకాణం దాటి వెతికితేనే దొరికే రోజులున్నాయి. పోటీకి ఐదారైనా కావాలి. గ్లాక్ పిస్టల్ మ్యాగజైన్లు తినే కార్బైన్‌కు ఈ బాధ తక్కువ. రూగర్‌లో పేటి దూరే గూడునే మార్చుకోవచ్చు. సొంత జాతి మ్యాగజైనే అడిగే తుపాకీ అల్లుడి లాంటిదని ఒక పూర్వ వ్యాఖ్యాత రాశాడు, దాన్ని మేము సమర్థించం. కార్బైన్ విభాగంలో మ్యాగజైన్ పొడవుకు హద్దు లేదు. పోటీలో పెద్ద స్టేజ్ (ఒక్కో ఘట్టం) కూడా 32 గుండ్లకు మించి అడగరాదు. 33 గుండ్ల గ్లాక్ మ్యాగజైన్‌కు అడుగున పొడిగింపు తగిలిస్తే నలభై దాటుతుంది. ఇక మధ్యలో మార్చే పనే లేదు. కాలిఫోర్నియాలో ఉన్నవాడు పది దగ్గర ఆగాలి.

"వలయు బోల్టు బరువు". ఒకే "వలయు" పై పాదంలోని దొరకడానికీ కింది పాదంలోని భరించడానికీ వెలుగిస్తోంది. దీన్ని దేహళీదీప న్యాయం అంటారు, గడప మీది దీపం లోపలికీ బయటికీ పనికొచ్చినట్టు. సరుకు దొరకడం, తన్ను ఓర్చడం రెండూ ఒకే ఆవశ్యకం కింద పెట్టడం కవి లోకజ్ఞానం.

తన్ను తగ్గించే ఉపాయం తూటాలోనూ ఉంది. గుండు బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో గుణించి వెయ్యితో భాగిస్తే 125కు తగ్గకూడదన్నది నియమం. 147 గ్రెయిన్ల బరువైన గుండు 900 అడుగుల వేగంతో పోతే 132 పైన వస్తుంది, గట్టెక్కినట్టే. పిస్టల్‌లో 125 అందని మెత్తని తూటా కార్బైన్ గొట్టంలో అందవచ్చు, ఎందుకంటే పొడుగు గొట్టం వేగం పెంచుతుంది. అయితే 9 మి.మీ. మందు పది పన్నెండు అంగుళాలు దాటేసరికి చేయవలసిన మేలంతా చేసేస్తుంది. తక్కిన అంగుళాలు 1934 నాటి చట్టానికి దక్షిణ. ఇంట్లో తూటాలు కట్టుకునేవారికి ఒక మాట: మరీ మెత్తన చేస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. టప్ అన్న శబ్దం బలహీనంగా వినబడితే ఆగిపో. రెండో గుండు వదిలితే వ్యాఖ్యాతలు అక్కర్లేదు, డాక్టర్లు కావాలి.

పద్యంలో చెప్పనిది, అధ్యాహరించవలసినది: చాంబర్ ఫ్లాగ్. పేల్చని వేళంతా రంగు ప్లాస్టిక్ ముక్క ఒకటి తుపాకీ చాంబర్‌లో దూర్చి, బయటికి కనబడేలా ఉంచాలి. పిస్టల్‌కు ఒర ఉంది, దీనికి లేదు గనుక. అది మరిచినవాడు ఒక్క గుండైనా కాల్చకుండానే చిక్కుల్లో పడతాడు. ఆటవెలదిలో నాలుగే పాదాలు. కవికి చోటు చాలలేదని సమాధానపడదాం.

"ధరయె గుణమటంచు". రూగర్ కార్బైన్ బజారులోకి వచ్చినప్పుడు వెల 649 డాలర్లు. జేపీ ఎంటర్‌ప్రైజెస్ కార్బైన్‌కు అంతకు కొన్ని రెట్లు. ఆ రెట్లలో కొంత మంచి ట్రిగ్గర్‌కు, కొంత బరువు తగ్గించిన బోల్టుకు పోతుంది, అది వట్టి పోత కాదు. పైవరసలో పోటీపడేవాడికి అర సెకను అక్కడే దొరుకుతుంది. నెలకోసారి క్లబ్ పోటీకి వెళ్ళేవాడికి మాత్రం ఆ అర సెకను తలుపు దగ్గర పాదాలు ఎక్కడ పెట్టాలో తెలియక పోతోంది. రేంజ్‌లో కాలక్షేపానికి మాత్రమే కాల్చేవాడికి ఇంకా తక్కువ చాలు. తన తూటాలతో రెండు మూడు వందలు ఇరక్కుండా పేలిందా? అద్దెకు దొరికే రేంజ్‌లో ముందు చూసుకున్నాడా? ఇక ముడి వేయవచ్చు. రైఫిల్ తూటాలను రానివ్వని ఇన్డోర్ రేంజ్‌లు కూడా 9 మి.మీ. కార్బైన్‌ను రానిస్తాయి, అది వాడికి చిన్న లాభం కాదు.

పాఠాంతరం

మూడో పాదం చివర "భుజమెల్ల" అన్న చోట కొన్ని ప్రతుల్లో "పర్సెల్ల" అని ఉంది. తొందరపడి తోసేయరాదు. 9 మి.మీ. తూటా మామూలు రోజుల్లో పాతిక సెంట్లకు అటూ ఇటూ; ఒక పోటీకి నూటయాభై అనుకుంటే దాదాపు నలభై డాలర్లు, ప్రవేశ రుసుము వేరు. 2020లో అరలన్నీ ఖాళీ అయినప్పుడు ఇదే తూటా వెల ఎన్ని రెట్లైందో ఆనాడు కొన్నవారికి ఇప్పటికీ మంటే. కనుక అర్థం దృష్ట్యా "పర్సెల్ల" నిలుస్తుంది. ఛందస్సు దృష్ట్యా చూసినా యతి "భరియింప" మీద ఉంది, చివరి మాట మారితే దానికేమీ కాదు. సల గణం పోయి త గణం వస్తుంది, రెండూ ఇంద్రగణాలే. రెండు పాఠాలూ గ్రాహ్యం.