ఉప్పుతో పట్టిన యాంటీబాడీ

మా రోజుల్లో కుందేలు సీరం నుంచి యాంటీబాడీ వేరు చెయ్యాలంటే వారం గడిచేది. ఇప్పుడు శంషాబాద్‌లో మా పక్క వాటాలో అద్దెకుండే కుర్రాడు పొద్దున కంపెనీ బస్సెక్కి వెళ్లి, మధ్యాహ్నం క్యారేజీ విప్పేలోగా ఆ పని ముగించేస్తాడట. ముగించనీ, నాకేం కడుపుమంట లేదు. ఎలా చేశావురా అంటే మాత్రం "ప్రోటీన్ ఏ కాలమ్ వేశా అంకుల్, పీక్ వచ్చింది" అంటాడు. వస్తుంది నాయనా. ఎందుకొచ్చిందో చెప్పు!

ఇక్కడ 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలైంది. అంతకు ముందు ఆ కాలమ్ గొట్టంలో నింపే పూసల రెసిన్ అంటే నెలల తరబడి ఎదురుచూపులు. 20 శాతం ఆల్కహాల్‌లో నానుతూ వచ్చే తెల్లటి ముద్ద అది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టిందా, పూసలు పగిలి మట్టిపాలు. సీసా మీద ఆల్కహాల్ అన్న మాట చూసి, ఇది తాగొచ్చా అని అడిగిన మహానుభావుడూ ఉన్నాడు లెండి. ఇప్పుడు ఇదే విమానాశ్రయంలో మందుల కోసమే చల్లటి ఫార్మా జోన్ కట్టారు. అంత భద్రంగా దిగిన సరుకును మా కుర్రాడి స్నేహితుడెవరో తీసుకెళ్లి మైనస్ 20 ఫ్రీజర్‌లో పెట్టాడట. ఎక్కువ చల్లగా ఉంటే ఎక్కువ మంచిది కదా అని!

అంత అపురూపమైన రెసిన్ ప్రతి పనికీ ఎక్కడ దొరుకుతుంది? మాది ఉప్పు పద్ధతి. అమ్మోనియం సల్ఫేట్ మెత్తగా నూరి, కోల్డ్ రూమ్‌లో స్వెట్టర్ వేసుకుని కూర్చుని, తిరుగుతున్న సీరంలో చిటికెడు చిటికెడు చల్లేవాళ్లం. తొందరపడి గుమ్మరిస్తే అక్కర్లేని ప్రోటీన్లన్నీ కట్టకట్టుకుని కిందికి దిగేవి. నురగ వస్తే ప్రోటీన్ పాడయ్యేది. ఉప్పు సంతృప్త గాఢతలో సగానికి వచ్చేసరికి యాంటీబాడీలు తెల్లగా విరిగేవి. వాటిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగింది కరిగించి, డయాలిసిస్ గొట్టంలో పోసి రెండు కొసలూ ముడేసి, పెద్ద బీకరులో బఫర్ మారుస్తూ ఉప్పంతా వదలగొట్టాలి. ఉప్పు పోయిందో లేదో చెప్పడానికి తెర మీద గీత ఏదీ? బయటి బఫర్‌లో రెండు చుక్కల బేరియం క్లోరైడ్ వేస్తే తెల్లగా మసకబారిందా, ఇంకా ఉందన్నమాట. మళ్లీ బఫర్ మార్చు. రాత్రి కరెంటు పోతే ఇక జాగారమే.

తర్వాత డీఈఏఈ సెల్యులోజ్ కాలమ్. పరీక్షగొట్టాలు వరసగా పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ 280 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుందో చూసి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టుకునేవాళ్లం. రీడింగ్ 1.4 వస్తే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము. ఆ అంకె నాకిప్పటికీ నిద్రలో లేపి అడిగినా వస్తుంది. మావాడు ఫోన్‌లో వెతుక్కోవాలి.

ప్రోటీన్ ఏ గొప్పది కాదని నేననను. అదేమిటో తెలిస్తే ఇంకా గొప్పగా ఉంటుంది. సెగ్గడ్డలు లేపే స్టెఫైలోకాకస్ క్రిమి ఒంటి మీది ప్రోటీన్ అది. యాంటీబాడీ పంగల కర్రలా ఉంటుంది: రెండు పంగలూ శత్రువును పట్టుకోవడానికి, కింద పిడి. ఈ క్రిమి పిడి పట్టుకుని కర్రను తలకిందులు చేసి తప్పించుకుంటుంది. అది యాంటీబాడీని పట్టుకుంటుందని 1966లో స్వీడన్‌లో ఫోర్స్‌గ్రెన్, షోక్విస్ట్ చెప్పారు. 1972కల్లా దాన్ని సముద్రపు నాచు నుంచి తీసిన అగరోజ్ పూసలకు అతికించి యాంటీబాడీలను వడగట్టడం మొదలైంది. మామూలు పీహెచ్‌లో పట్టుకుంటుంది, పీహెచ్ 3 దగ్గరికి దించితే వదిలేస్తుంది. ఆ పులుపులో యాంటీబాడీ ఎక్కువసేపు ఉంటే ముద్దకడుతుంది కాబట్టి గొట్టాల్లో ముందే ఆ పులుపు విరిచే ట్రిస్ పోసి ఉంచాలి. "అది కిట్టులో వస్తుంది అంకుల్" అంటాడు వీడు. కోడిగుడ్డు సొనలోని యాంటీబాడీని ప్రోటీన్ ఏ పట్టుకోదని కిట్టు చెబుతుందా? చిట్టెలుక యాంటీబాడీల్లో ఒక రకాన్ని అంతంతమాత్రంగానే పట్టుకుంటుందని చెబుతుందా?

1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బీ టీకా తెచ్చినప్పుడు హైదరాబాద్‌లో ప్రోటీన్ శుద్ధి చెయ్యగలరని నమ్మినవాళ్లెంతమంది? 2007లో డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ తెచ్చింది. కేన్సర్ మందు రిటుక్సిమాబ్‌కు నకలు యాంటీబాడీ అది, ఆ తరహాలో ప్రపంచంలోనే మొదటిది. అలాంటి మందులు రెసిన్ లేకుండా మనిషి నరంలోకి ఎక్కించే శుద్ధికి రావు. ఒప్పుకుంటాను.

కానీ మొన్న వీడన్న మాటకు ఒళ్లు మండింది. బెంగళూరు రోడ్డు మీద కొత్తూరు దాటుతుంటే, అక్కడ తిమ్మాపూర్‌లో విన్స్ బయోప్రొడక్ట్స్ వాళ్లు పాము విషానికి విరుగుడు తయారుచేస్తారని చెప్పాను. గుర్రాలకు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలు కొద్దికొద్దిగా ఎక్కిస్తే, వాటి రక్తంలో పుట్టే యాంటీబాడీలే మందు. మన దేశంలో దాన్ని సాధారణంగా అమ్మోనియం సల్ఫేట్‌తోనో కాప్రిలిక్ ఆమ్లంతోనో శుద్ధి చేస్తారన్నాను. వాడు నవ్వి, "ఇంకా ఉప్పేనా? ప్రోటీన్ ఏ మీద పోస్తే అయిపోదా?" అన్నాడు.

అయిపోదు. గుర్రపు యాంటీబాడీ పిడి మనిషి ఒంటికి సరిపడక రియాక్షన్లు రావచ్చు. అందుకే పెప్సిన్ ఎంజైమ్‌తో పిడి కోసేసి పంగలు మాత్రమే ఉంచుతారు. పిడే లేనప్పుడు నీ కాలమ్ ఏం పట్టుకుంటుంది? వాడు తల గోక్కున్నాడు.

పోనీ, విషాన్నే పూసలకు అతికిస్తే పంగలు వచ్చి అంటుకుంటాయి. అమెరికాలో 2000లో అనుమతి పొందిన క్రోఫాబ్ అనే విరుగుడును అలాగే గొర్రె యాంటీబాడీల నుంచి శుద్ధి చేస్తారు. శ్రేష్ఠమైన పద్ధతే. కానీ అక్కడ ఒక్క సీసా వేల డాలర్లు, ఇక్కడిది వందల రూపాయలు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది పోయారని అంచనా. ఎక్కువమంది పల్లెల్లో, పొలం పనులు చేసుకునేవాళ్లు. విషమెక్కిన ఒక్కొక్కరికి పది సీసాలైనా పడతాయి. అందరికీ రెసిన్ సరుకే ఇస్తే ఎంతవుతుందో లెక్క కట్టమన్నాను. వాడు ఫోన్ తీశాడు. అది జేబులో పెట్టి కాగితం మీద కట్టమన్నాను.