శశకమైత్రి: టీకా తాత్పర్య సహితము

అవతారిక

పాలమూరు సంస్థానాల్లో ఒకప్పుడు పండితులకు కొదవ లేదు. గద్వాల కోటలో కార్తీక, మాఘ మాసాల్లో విద్వత్సభలు జరిగేవి. విద్వద్గద్వాల అన్న పేరు ఆ సభల చలవే. వనపర్తిలోనూ, కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలులోనూ కవులకు ఆదరణ ఉండేది. తిరుపతి వేంకట కవులంతటి వారు ఈ దారిన వచ్చి సత్కారాలు అందుకుని వెళ్లారు. ఆ సంస్థానాలు ఇప్పుడు లేవు. వనపర్తి రాజసౌధంలో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడివిడి జిల్లాలయ్యాయి. సభలు పోయినా వ్యాఖ్యానం చేసే దురద మాత్రం ఈ గడ్డను వదల్లేదు. దానికి ఇప్పుడు చిక్కింది కుందేలు.

సందర్భమేమనగా: హైదరాబాదు ముర్గీచౌక్ నుంచి మేనమామ ఒకాయన మేనల్లుడి పుట్టినరోజుకని అట్టపెట్టెలో రెండు నెలల తెల్లని కుందేలుపిల్లను తెస్తాడు. వారం పాటు ఇల్లంతా దాని చుట్టే తిరుగుతుంది. ఆ తరువాత పిల్లవాడు బడికి, తల్లి ఆఫీసుకు, తండ్రి పల్లికాయ అమ్మకానికి మార్కెట్ యార్డుకు వెళ్లిపోతారు. కుందేలు మూల కూర్చుని గోడను చూస్తుంటుంది. అప్పుడు అరుగు మీదనుంచి అవ్వ అంటుంది: "ఒక్కటే ఏం జేస్తది పాపం, దానికింకో తోడు తేరాదురా!" ఈ వాక్యమే ప్రకరణానికి బీజం.

మూలము (ఆటవెలది)

కోత ముందు చేసి కొత్తచోటున నుంచి
వాసనలను మార్చి వరుస దెలిపి
కరచువేళ నాపి కరుణతో నొకయింట
శశకయుగముఁ గూర్ప జగడ మడఁగు.

పద్యకర్తా టీకాకర్తా ఒక్కరే. మెతుకుసీమలోని కొలిచారం వాడని చెప్పే మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ టీకాకారుడికి మొదటి ప్రతిన సులువు. మూలం తనదే గనక, మరిచిపోయినది ఏదైనా అందులో ఉన్నట్టే లెక్క. రెండో ప్రతినకు పాఠకులే సాక్షులు.

ప్రతిపదార్థము

కోత = పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్; ముందు చేసి = జత కలపకముందే చేయించి; కొత్తచోటునన్ = రెండింటిలో దేనికీ సొంతం కాని చోట; ఉంచి = విడిచిపెట్టి; వాసనలను మార్చి = దీని గుడ్డ దానికి, దాని గుడ్డ దీనికి పరిచి; వరుస తెలిపి = పెద్ద ఎవరో చిన్న ఎవరో తేల్చుకోనిచ్చి; కరచువేళన్ ఆపి = పళ్లు పడేలోగా అడ్డుపడి; కరుణతోన్ = ఓపికతో; ఒక ఇంటన్ = ఒకే గూట; శశకయుగమున్ = కుందేళ్ల జంటను; కూర్పన్ = కలుపగా; జగడము = కొట్లాట; అడఁగున్ = అణగును.

అన్వయము

ఇక్కడ ఒక హెచ్చరిక. వాసనల మార్పు ముందు, కొత్తచోటు తరువాత. యతి కుదరడం కోసం కవి తిరగేశాడు. ఛందస్సును నమ్మి కుందేళ్లను పాడుచేసుకోరాదు.

విశేష వ్యాఖ్య

శశక: ఏ శశకము? నల్లమల అంచున అమ్రాబాద్ దాకా చేలల్లో ఉరికే చెవులపిల్లి కాదు. అది వేరే జాతి. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచి నేల మీద పుడతాయి. పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని బొరియలో పుడతాయి. రెంటికీ సంతానం కలగదు, స్నేహమూ కుదరదు. పైగా చెవులపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది. చేనులో దొరికిందని తెచ్చి తోడు పెడితే కుందేలుకు తోడు దొరకదు గానీ యజమానికి కేసు దొరుకుతుంది.

యుగము: జంట అంటే ఏ జంట? శాస్త్రం మూడు రకాలు చెబుతుంది. ఆపరేషన్ అయిన మగ, ఆపరేషన్ అయిన ఆడ: ఇది ఉత్తమం. రెండు ఆడవి: మధ్యమం, కుదిరినా ఒక్కోసారి పాత పగ లేస్తుంది. రెండు మగవి: ఆపరేషన్ లేకుంటే అధమాధమం. ఒకే ఈతలో పుట్టిన అన్నదమ్ములైనా వయసు రాగానే ఒకరి వృషణాలను ఒకరు కొరికే దాకా వెళతారు. రంగు, జాతి, చెవుల పొడవు చూడనక్కరలేదు. వయసు, ఆరోగ్యం, స్వభావం చూడాలి. రెండు గయ్యాళులను కలిపే కంటే ఒక దూకుడుదానికి ఒక నిదానస్థురాలిని చూడటం మేలు. కొత్తగా వచ్చినదాన్ని రెండు వారాలు వేరే గదిలో ఉంచి, ముక్కు కారుతోందా, చెవిలో గజ్జి ఉందా చూసుకోవాలి. కుదరకపోతే వాపసు తీసుకుంటావా అని అమ్మేవాణ్ణి ముందే అడగాలి. ఒప్పుకోకపోతే ఇంకో దుకాణం చూసుకోవాలి.

కోత ముందు చేసి: పద్యానికి ఇదే ప్రాణం, అందుకే మొదట పెట్టాడు. రెండు నెలల పిల్లలు రెండింటిని ఒకచోట వేస్తే ఆనాడే ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయి. చూసినవారు జత కుదిరిందని మురిసిపోతారు. అది పసితనపు స్నేహం. మూడున్నర నుంచి ఆరు నెలల మధ్య వయసు వస్తుంది. ఆ రోజుతో ఆ స్నేహం చెల్లు. మగదానికి వృషణాలు దిగాక, మూడు నాలుగు నెలలకు ఆపరేషన్ చేస్తారు. ఆడదానికి ఐదారు నెలలకు. మగదానికి ఆపరేషన్ అయిన తరువాత కూడా నాలుగు నుంచి ఆరు వారాల దాకా బీజం మిగిలి ఉండవచ్చు గనక అన్నాళ్లూ విడిగా ఉంచాలి. ఆడదానికి ఇది స్నేహం కోసమే కాదు. ఆపరేషన్ లేని ఆడకుందేళ్లలో వయసు మీదపడ్డాక గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువ.

ఈ ప్రాంతంలో పశువైద్యుడు రోజూ చూసేది గొర్రెలు, మేకలు, బర్రెలు. కుందేలుకు మత్తు ఇవ్వడం వేరే విద్య. "కుందేళ్లకు చేసిన అలవాటు ఉందా సార్?" అని అడగడంలో తప్పు లేదు. లేదంటే హైదరాబాదు ప్రయాణం. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాలే ఉంది. ఇంకొక మాట: ఆపరేషన్‌కు ముందు కుక్కను పస్తు ఉంచినట్టు కుందేలును ఉంచరాదు. దానికి వాంతి కాదు. కడుపు ఆగితేనే ప్రమాదం. ఆపరేషన్ తరువాత పూట గడిచినా గరిక ముట్టకపోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

వాసనలను మార్చి: కుందేలు గడ్డం కింద వాసన గ్రంథి ఉంటుంది. తలుపు అంచుకు, నీళ్ల గిన్నెకు, మన కాలి బొటనవేలికి గడ్డం రుద్ది ఇది నాదని పట్టా రాసుకుంటుంది. అందుకే రెంటినీ పక్కపక్క గూళ్లలో, మధ్య బెత్తెడు జాగా విడిచి, రెండు జాలీలు కట్టి ఉంచాలి. ఒకటే జాలీ అయితే ముక్కులు కొరుక్కుంటాయి. రోజు మార్చి రోజు కింద పరిచిన గుడ్డలు మార్చాలి. కొత్తిమీర కట్టను రెండు వైపులా జాలీ పక్కనే పెట్టాలి. ఎదురెదురుగా కూర్చుని ఆకు నమిలే రోజు వచ్చిందంటే సగం పని అయినట్టే.

కొత్తచోటున నుంచి: గద్వాల పండితుణ్ణి గద్వాల సభలో ఓడించడం ఎవరితరం? వనపర్తి పండితుడితో సమంగా వాదించాలంటే ఇద్దరికీ పరాయిదైన కొల్లాపురంలో సభ పెట్టాలి. కుందేలుకూ ఇదే న్యాయం. పాతదాని గూట్లోకి కొత్తదాన్ని దించడమంటే కొట్లాటకు ముహూర్తం పెట్టడమే. ఏ కుందేలూ ఎన్నడూ అడుగుపెట్టని స్నానాలగది శ్రేష్ఠం. నేల జారకుండా పాత బొంత పరిచి, రెండు వైపులా గరిక వేసి, మొదటిరోజు పది నిమిషాలు చాలు. ప్రశాంతంగా ఉన్నప్పుడే ముగించాలి. కొట్లాటతో సభ ముగిస్తే మరునాడు అక్కడినుంచే మొదలవుతుంది.

వరుస దెలిపి: ఇక్కడ టీకాకారుడు కొంచెం నిలబడాలి. రెండూ మొదట ఒకదానికొకటి వీపు పెట్టి కూర్చుంటాయి. ఒకటి ఏమీ పట్టనట్టు తన ముంగాలు నాకుకుంటుంది. కొంతసేపటికి రెండోది వెనకనుంచి వచ్చి తోక దగ్గర వాసన చూసి, మెల్లగా ముందుకు తిరిగి, తల నేలకు చదునుగా ఆనించి మొదటిదాని గడ్డం కిందికి దూరుస్తుంది. చూసినవారు సాష్టాంగ నమస్కారం అనుకుంటారు. కాదు, అది ఆజ్ఞ: నా నుదురు నాకు, నేనే పెద్దను అని. మొదటిది నాకితే పెద్దరికం ఒప్పుకున్నట్టు. ఒక్కోసారి రెండూ తల వంచి, ఎవరూ నాకక, చాలాసేపు అలాగే ఉండిపోతాయి. ఒకదానిమీద ఒకటి ఎక్కడం, కాస్త తరమడం, రెండు వెంట్రుకలు పీకడం కూడా ఈ పెద్దరికపు బేరంలోవే. వాటిని ఆపితే బేరం తెగదు.

కరచువేళ నాపి: బేరం వేరు, యుద్ధం వేరు. చెవులు వెనక్కి వాల్చి తోక నిక్కబొడిస్తే, ఒకదాని వెనక ఒకటి గిరగిరా తిరిగితే, రెండూ ముద్దగా దొర్లితే అది యుద్ధం. అప్పుడు మధ్యలో చెయ్యి పెట్టరాదు. కుందేలు కొరుకుడుకు వేలు మిగలదు. చేట అడ్డం పెట్టాలి. ఆ రోజుకు చాలించాలి. కొన్ని జతలకు నాలుగు రోజులు సరిపోతాయి; కొన్నింటికి నెలలు పడతాయి. కొన్ని ఎన్నటికీ కుదరవు.

ఒకయింట: రెండు రోజులపాటు తరుముకోకుండా, ఆనుకుని పడుకుంటూ, ఒకదాన్నొకటి నాకుకుంటూ ఉంటే అప్పుడు గృహప్రవేశం. పాత గూటిని కడిగి వాసన పోగొట్టాలి. నీళ్ల గిన్నెలు రెండు, దాక్కునే పెట్టెలు రెండు, ప్రతి పెట్టెకూ ద్వారాలు రెండు. ఒకే ద్వారమైతే ఒకటి కాపలా కూర్చుంటుంది. బ్రిటన్‌లోని కుందేళ్ల సంక్షేమ సంఘం జంటకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు అడుగుతుంది. కోడిగంపలో మూసిపెట్టి స్నేహంగా ఉండమనడం అన్యాయం. జత కుదిరాక ఒకదానికి జబ్బు చేసినా రెంటినీ కలిపే ఆసుపత్రికి తీసుకుపోవాలి; విడిగా పోయివచ్చినది పరాయి వాసనతో వస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది కథ.

పూర్వపక్ష ఖండనము

అమ్మేవాడి పక్షం: "రెండు గూడ ఆడియే సార్, బేఫికర్ తీస్కపోండి." సమాధానం: రెండు నెలల పిల్లల్లో ఆడ మగ గుర్తించడంలో అనుభవం ఉన్నవారే పొరబడతారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే సామెత పుట్టింది ఇలాంటివారిని చూసే. డాక్టరుకు చూపించేదాకా రెంటినీ విడిగా ఉంచాలి.

తండ్రి పక్షం: "పెట్టనియ్యి, పిల్లల్ని అమ్ముకుందాం." సమాధానం: చూలు దాదాపు 31 రోజులు. ఈతకు నాలుగు నుంచి ఎనిమిది పిల్లలు. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. పంచాంగం అక్కరలేదు, వేళ్లతోనే లెక్క వేసుకోవచ్చు. కొనేవాళ్లు అయిపోతారు, పిల్లలు అయిపోవు.

పిల్లవాడి పక్షం: "గినీ పందిని తోడు పెడదాం." సమాధానం: కుందేలు ఒక్క తన్ను తంతే గినీ పంది నడుము విరుగుతుంది. పైగా దానికి మేతలోనే విటమిన్ సి కావాలి, కుందేలుకు అక్కరలేదు. ఇద్దరు మూగవాళ్లు ఒక గదిలో ఉన్నంత మాత్రాన మాట కలవదు.

కాలనిర్ణయము

కుందేలుకు చెమట పట్టదు. వేడి పోయేది ప్రధానంగా చెవులగుండానే. 30 డిగ్రీలు దాటితే ఆయాసం, 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గర వేసవి 40 దాటుతుంది. కాబట్టి ఎండాకాలంలో జత కలపడం, హైదరాబాదు బస్సెక్కించడం రెండూ నిషిద్ధం. తడిగోనె, మట్టికుండ నీడ, గడ్డకట్టిన నీళ్ల సీసాతో రోహిణి కార్తె దాటించి, ఆపై కార్తీకంలో మొదలుపెట్టాలి. పండితసభలకు పూర్వులు ఏరుకున్న నెల కుందేళ్లకూ అచ్చివస్తుంది.

శాస్త్రసంగతి

చిన్నయసూరి 1853లో నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం రాశాడు. విగ్రహం (కలహం), సంధి తరువాతివారికి మిగిలాయి. కుందేళ్ల గ్రంథంలో వరుస వేరు. మొదట విగ్రహం, తరువాత సంధి, ఆఖరున మిత్రలాభం. తొందరపడి మిత్రలాభంతో మొదలుపెట్టినవారికి దక్కేది మిత్రభేదం ఒక్కటే.

తాత్పర్యము

కుందేలు గుంపులో బతికే ప్రాణి. తోడు కావాలన్న అవ్వ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ జోడీ కొనడం ఒక పూట పని, జత కుదర్చడం నెలల పని. బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది గనక ఆ నెలలు వృథా కావు. రెండో కుందేలు కంటే ముందు ఆపరేషన్ చేయగల డాక్టరును వెతకండి. డాక్టరు దొరికేదాకా రెండోదాన్ని తేకండి. అప్పటివరకు ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట మీరే నేలమీద కూర్చుని ఉన్నదానికి తోడుండండి.